వెన్ను మీద ఏం అచ్చెయ్యాలి

సైదాపురం అబ్రకం కంపెనీ క్లబ్బు మూసేసినప్పుడు
పుస్తకాలు బీరువాతో సహా లైబ్రరీకి తోలినారంట.
ముప్పై ఏండ్లు తాళం తియ్యలా.
మొన్న తీస్తే చెదలు.
చెదలు తిని వదిలేసిన పదకొండింటిని
గోనెసంచిలో ఏసుకోని వచ్చింది హైమవతమ్మ.

స్టోన్‌హౌస్‌పేటలో బియ్యం మిల్లు గోడకానుకోని
ఒక బల్ల, ఒక కత్తి, మైదా గిన్నె, నేను. అదే నా అంగడి.
"గౌసు, అన్నీ ఒకే దొర రాసినవి.
ఒకే రంగు కాలికో వెయ్యి, వెన్ను మీద పేరు కొట్టు" అనింది.
"ఏం పేరు?" అన్నా.
చెదలు మొదట తినింది దాన్నే.

విప్పితే ప్రతి మడతలో కాకిబంగారం పొడి,
గనిలోంచి యే గుమాస్తా వేళ్లకంటుకోనొచ్చిందో.
దులిపితే పోదు.
ఇంటికి పోతే నా గడ్డం జూసి ఖుర్షీదా
"ఎవురి పెండ్లికి పోయొస్తుండావ్?" అనింది.

నాకు ఇంగ్లీషంటే లారీ వెనక రాతల కాడికే.
సాయంత్రాలు హైమవతమ్మ స్టూలు మీద కూర్చోని
నేను కుట్టే పుస్తకం నాకే చెప్పేది.

ఒకదాంట్లో సముద్రం రాత్రికి రాత్రి ఇంకిపోతది,
ఓడలన్నీ బురదలో పక్కకు ఒరిగి పడుకుంటాయి,
మైపాడు ఒడ్డున మరమ్మతు పడవల మాదిరి.
ఒకదాంట్లో చీమల మాట వినే యంత్రం.
మూడోదాంట్లో ఏముంటదా అని సూది ఆపితే,
ఇంటి మురుగ్కాలవ ఎట్టా కట్టుకోవాల అని
నూటనలభై పేజీలు, పటాలతో సహా!
ఇంకోటి, గొడుగులు బాగుచేసేవోడు
అప్పులోళ్లకు భయపడి నాటకాల కంపెనీలో దాక్కునేది.
దానికి నవ్వి నవ్వి దారం తెంపుకున్నా.
పిల్లోళ్లకు భూగోళం. పన్నుల మీద తిట్లు. నత్తల గురించి ఒకటి.
ఆవిరి బాయిలరెక్కి చందమామ మీదకి పొయ్యేది ఒకటి.

"ఒకడేనా అమ్మా? ఓవర్సీరు, హరిదాసు, ప్లీడరు, పిచ్చోడు
నలుగురూ ఒకే కుర్చీలో వంతులేసుకున్నారేమో."

మా అబ్బా మూడో బెజ్జం కాడ
దారం రెండుసార్లు లాగేవోడు.
ఆయన పొయ్యి ఇరవయ్యేండ్లయినా
రిజిస్టరాఫీసులో యే దస్తరం తీసినా వేలికి తగులుతది,
ఇది అబ్బాదని.
ఈ దొరకీ ఒక బెజ్జం ఉండాల గదా అని
చెప్పిన కథలే మళ్లీ చెప్పించుకున్నా.

దొరికింది.
చందమామ మీద దిగినోడు, గాలి అయిపోతా ఉంటే,
పాలవాడికి వారం డబ్బులు ఇయ్యలేదే అని గుర్తుచేసుకుంటాడు.
గొడుగులోడు నడిరాత్రి దొంగగా వచ్చి
అప్పిచ్చినోడి గుమ్మానికే
వాడి గొడుగు బాగుచేసి తగిలిస్తాడు.
మురుగ్కాలవ పుస్తకంలో, తొంభయ్యో పేజీలో:
కాలవ తీసేవాడికి వేణ్ణీళ్లు ఇయ్యండి,
టీ ఇస్తే మీరు తాగే కప్పులోనే ఇయ్యండి.
లోకం మునిగినా చిన్నోళ్ల బాకీ మరిచిపోడు.
"ఒకడే" అన్నా. "కుట్టు తెలిసిపోయింది."

ఆ వారమే, జులై ఎండలో,
వీధంతా మిల్లు మిద్దెక్కి దక్షిణం తట్టు చూస్తుండాది.
తెల్లదారం ఒకటి లేచింది. సూది కనపళ్లా.
"బాయిలరు కాదులే" అనింది హైమవతమ్మ.
చందమామ సంగతి దొర తేదీ తప్పినా మాట తప్పలా.
యాభయ్యో సంవత్సరానికి యుద్ధాలు ఉండవని గూడా రాసినాడంట.
ఆ పేజీ ఆమె చదవకుండా తిప్పేసింది.

పదకొండింటికీ మెరూను కాలికో ఏసినా.
పేరుండాల్సిన చోట వేలెడు ఖాళీ.
అచ్చరాలపెట్టె తెరవడం, మూయడం.
హైమవతమ్మ "తెలీదు అని కొట్టేద్దామా" అనింది.
నాకు మనసొప్పలా. తెలుసుగదా.

బిల్లు ఇంకా పాసు కాలా.
పది పంపించేసినా.
పదకొండోది మరబిళ్ల కింద బరువులో ఉండాది,
అందులో ఏముందో ఆమె ఇంకా చెప్పలా.