మొదట మరుగుదొడ్లు లెక్కపెట్టు

రోజీన్, నీ తొంభై పేజీలూ చదివాను.
మూడు వంశాలు, ఒక శాపం,
గనిలో దొరికిన గంట,
అది మోగితే అబద్ధాలన్నీ బయటపడటం.
బాగుంది, నిజంగానే.
రాత్రి డ్యూటీలో, వార్డంతా నిద్రపోయాక
రెండోసారి కూడా చదివాను.

ఇప్పుడు చెప్పు.
అరవైరెండు మందికి మరుగుదొడ్లెన్ని?

నవ్వకు.
నా మొదటి ఆటకి నేనూ ఇలాగే
వంశవృక్షాలు గీసుకుంటూ కూర్చున్నాను.
శుక్రవారం సాయంత్రం, బెర్గ్స్‌లాగెన్ అడవిలో,
మూతబడ్డ ఈ ఇనుప కార్ఖానా వెనకాలే,
నలభై మంది వీరులు కవచాలు తొడుక్కుని
ఒకే ఒక్క తలుపు ముందు వరసకట్టారు.
ఆ యుద్ధం మీద ఎవరూ పాట కట్టలేదు.

కట్టెలు ఎండాయో లేదో చెయ్యి పెట్టి చూడు,
అమ్మినవాడి మాట నమ్మకు.
వేరుశెనగ పడనివాళ్ళ పేర్లు వంటగది గోడకి అంటించు.
ఫోన్లో దాచావా, ఇక్కడ సిగ్నలుండదు.
ఆసుపత్రి నలభై నిమిషాల దూరం,
దారిలో దుప్పి అడ్డం నిలబడితే యాభై.
ఒక కారు ఎప్పుడూ రోడ్డువైపు మొహం పెట్టి ఉండాలి,
దాని తాళంచెవి నీ మెడలో.
కిరీటం అట్టదైనా ఫర్వాలేదు.

ఇక ఆ మాట.
'చాలు' అని ఎవరన్నా
ఆట అక్కడికక్కడే ఆగాలి,
కత్తి గాల్లో ఉంటే గాల్లోనే.
ముందురోజే అందరిచేతా గట్టిగా అనిపించు,
ఒక్కొక్కరిచేత, పేరుపేరునా.
నలగని మాట నోటికి అందదు.
పెద్దవాళ్ళు సిగ్గుపడి నవ్వుతారు. నవ్వనీ.
పదకొండేళ్ళ కిందట ఒకడు అనలేకపోయాడు.
వాడి పేరు నీకు చెప్పను.
ఏటా ఈ మాట అనిపిస్తున్నప్పుడు మాత్రం
నా గొంతు ఎందుకు పెరుగుతుందో
ఇప్పుడు నీకు తెలుసు.

*

"మరి నా వేషం?" అన్నావు.
బూడిదరంగు కోటు తీసిచ్చాను.
అది వేసుకుంటే నువ్వు ఎవరికీ కనబడవు,
అదీ నియమం.
నీ మొహం ముడుచుకుపోవడం చూశాను.
మూడేళ్ళు రాసిన రాజ్యంలో
నీకు కుర్చీ కూడా లేదు మరి.

శనివారం రాత్రి, వానలో,
పరుగెత్తుకొచ్చావు ఊపిరందక:
"గంటని కాలువలో పారేశారు, గున్‌వోర్!
పదింటికి మోగాల్సింది!
యాభైమూడో పేజీ నుంచి అంతా పోయింది!"
నేను రొట్టె నములుతున్నాను.
"నీళ్ళెంత లోతు?" అన్నాను.
"మోకాళ్ళ దాకా."
"అయితే ఏమీ పోలేదు."

నీకు కోపమొచ్చింది. తలుపు విసురుగా వేసుకుని పోయావు.

ఆ పోవడంలోనే కనబడ్డాడు నీకు,
కొలిమి గది గోడవార,
ద్రోహి వేషంలో ఉన్న క్రేను డ్రైవరు.
ఏడుస్తున్నాడు.
అది ద్రోహి ఏడుపు కాదని
నీకెలా తెలిసిందో నేనడగలేదు.
దుప్పటి కప్పావు. బురదలోనే పక్కన కూర్చున్నావు.
కథలో ఏమైందని అడగలేదు.
"నీ సొంత పేరేంటి?" అన్నావు.
"సిక్స్‌టెన్."
తర్వాత చాలాసేపు ఇద్దరూ ఏం మాట్లాడలేదు.
నేను దూరం నుంచే టీ పంపించాను.

ఆ సమయంలోనే, నువ్వు చూడలేదు,
మూడు వంశాలూ లాంతర్లు పట్టుకుని కాలువలోకి దిగాయి,
చలికి బూతులు తిట్టుకుంటూ,
పగవాడి భుజమే ఊతంగా.
గంట దొరికింది.
మోగించే ధైర్యం ఎవరికీ లేకపోయింది.
అరవైమంది దాని చుట్టూ నిలబడ్డారు,
ఒక్కరూ అబద్ధమాడకుండా,
ఒక్కరూ నోరే మెదపకుండా.
నీ తొంభై పేజీల్లో లేదు ఇది.
నీ తొంభై పేజీలు లేకపోతే ఇదీ లేదు.
ఇంటికెళ్ళే దారిలో చెబుతాను మళ్ళీ, నిదానంగా.
మనకి ఎప్పుడూ ఇంతే,
మన ఆట మనం ఇంకొకరి నోట వినాలి.

*

ఆదివారం. ఊడ్చాం.
కప్పులు లెక్కకొచ్చాయి. లాంతర్లు ఒకటి తక్కువ.
సిక్స్‌టెన్ నీకు చెయ్యి ఊపి బస్సెక్కాడు.
ఎవరిదో ఎడమకాలి బూటు మిగిలింది,
పెట్టెలో వెయ్యి, వచ్చే ఏడు అడుగుదాం.

మెడలో తాళంచెవి
తీసివ్వబోతున్నావు.
ఉంచుకో.
వసంతంలో ఇంకో పిల్లాడొస్తున్నాడు,
నూటపది పేజీలతో.