పందొమ్మిదో ఫ్రేము

కారూ ఎడారిలో చలికాలం
గొర్రెల తొట్టి మీద అద్దం బిగిస్తుంది.
పగలంతా నేను గాలిమరలు బాగుచేస్తాను.
తోలు వాషర్లు, తుప్పు కడ్డీలు,
నీళ్లింకా రాలేదని గొణిగే ఆసాములు.
రాత్రి, ఆ గ్రీజు చేతులతోనే
కెమెరా ముట్టుకుంటాను.

నా యంత్రం చూస్తే మీరు నవ్వుతారు.
రెండు చెక్కలు, పాత తలుపు మడతబందు ఒకటి,
మధ్యలో ఒక పొడుగాటి మర.
నిమిషానికి ఒక్క చుట్టు తిప్పితే చాలు,
భూమి తిరుగుడుకు ఎదురు తిరిగి
చుక్కలు నిలబడతాయి.
తొందరపడితే గీతలు.
బద్ధకిస్తే గీతలు.

ఆ బందును ధ్రువం కేసి గురిపెట్టాలి.
మా వైపు ఆకాశానికి ధ్రువుడు లేడు.
ఉత్తరాది వాళ్లకు ఒక మొండి పిల్లవాడు
కదలకుండా కూర్చుని ఉన్నాడట, అదృష్టవంతులు.
మాకు ఆ పీట ఖాళీ.
సిలువ చుక్కల పొడుగును నాలుగున్నర సార్లు కొలిచి
ఏమీ లేని చోటికి బందు బిగించి
నమ్మాలి.
ఇక్కడ బావులు కూడా అలాగే తవ్వాం.

రివాల్డోకు పదకొండేళ్లు. కాపరి ఫ్లోరిస్ కొడుకు.
మర తిప్పడం వాడి ఉద్యోగం,
జీతం సగం బంగాళాదుంప.
ఆ దుంపను కాల్చి, ఉన్ని మేజోడులో వేసి
లెన్సు మెడకు కడతాను, మంచు పట్టకుండా.
ఫొటోలయ్యాక ఉప్పు చల్లి పంచుకుంటాం.
మేజోడు ఉతికిందే అని
ప్రతిసారీ ఒట్టు వెయ్యాలి.

నాలుగూ పది. తూర్పు గుట్ట మీద
తోకచుక్క లేచింది.
లేచిందని నేనంటాను గాని
కంటికి ఏముంది?
పలక మీద ఎవరో వేలితో తుడిచిన సుద్ద మరక.
"ఇంతేనా?" అన్నాడు.
వాళ్ల నాయనమ్మ చూసిన తోకచుక్క
మందలకు మందల్ని చంపిందట.
ఇది గొర్రెపిల్ల తుమ్మంత కూడా లేదు.
"తిప్పు," అన్నాను.

ముప్ఫై సెకన్లకొక ఫ్రేము, నలభై ఫ్రేములు.
మూడోదాన్ని ఒక ఉపగ్రహం గీరి పోయింది.
ఎనిమిదిలో రోడ్డు మీద లారీ లైటు,
గుట్టంతా పసుపు పులిమినట్టు.
పందొమ్మిదిలో నక్క ఊళ వేసింది.
వాడు ఆగాడు.
చెయ్యి మర మీదే ఉంది, చెవి గుట్ట మీద.
అటువైపే నాన్న, మందతో.
నాలుగు సెకన్లు, ఐదు.
మళ్లీ తిప్పాడు. నేనేమీ అనలేదు.

ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని
ఒకదాని మీద ఒకటి పేరుస్తాను.
చుక్కల్ని పట్టుకుంటే
తోకచుక్క ఏకిన దూదిలా సాగిపోతుంది.
దాన్ని పట్టుకుంటే
చుక్కలన్నీ వాన చారలు.
నా కుర్చీ వెనక, నోట్లో దుంపతో,
"ఇంతకీ ఏది నిజం?"
బల్ల మీద రేపటి వాషర్ల చీటీ ఉంది.
"బడికి పో," అన్నాను.

చెడిన ఫ్రేములు తీసెయ్యడం రివాజు.
మూడు తీశాను. ఎనిమిది తీశాను.
పందొమ్మిదిని పెద్దది చేసి చూస్తే
ప్రతి చుక్కకూ చిన్న తోక,
వాడు చెవి రిక్కించిన ఆ కాసేపు
ఆకాశమంతా వేల చోట్ల.
అది తియ్యలేదు.

సహకార దుకాణంలో, గొర్రెల వేలం కాగితం పక్కన
ఫొటో అతికించారు.
సిగరెట్లకొచ్చిన వాళ్లు ఎక్కడ, ఎక్కడ అని వెతికి
వేలి ముద్రలు మిగిల్చి పోతున్నారు.
ఫ్లోరిస్ టోపీ తీసి చాలాసేపు నిలబడ్డాడు.
తోకచుక్కను కాదు చూసింది.
కింద, అలికేసినట్టున్న నల్లటి గుట్ట మీద
తను రాత్రి వేసుకున్న చలిమంట,
నారింజ రంగు గీతలా సాగి ఉంది.
"నేను కదల్లేదే," అన్నాడు,
"తెల్లారేదాకా అక్కడే కూర్చున్నా."