బిళ్ళ

కాలి వేలికి ముల్లు గుచ్చుకుంటే
గజ్జల్లో బిళ్ళ కట్టేది చిన్నప్పుడు.
"కాపలావాడు నిద్రలేచాడు, నీకేం కాదు"
అనేది మా మేనత్త రాజరత్నం
ఉప్పు కాపడం పెడుతూ.

మరి గుండె పక్కన, ఊపిరిగొట్టం చుట్టూ
ఏ ముల్లు దిగిందని
ఇన్ని బిళ్ళలు లేచినట్టు?

తెరమీద చూపించాడు డాక్టరు.
చింతగింజలంతవి కొన్ని, ఒకటి మాత్రం రేగిపండంత.
క్షయ కావచ్చు, సార్కాయిడ్ కావచ్చు, లింఫోమా కావచ్చు.
మూడు పేర్లూ ఒకే గొంతుతో,
బస్సులో స్టాపులు చదివినట్టు.
సూదితో తీసింది చాలలేదట.
కోసి చూడాలట.

కోత సంగతి నాకు కొత్త కాదు.
షెఫీల్డ్‌లో, డాన్ నది పక్క ఫ్యాక్టరీలో
పదకొండేళ్ళుగా భూతద్దం కింద
ఆపరేషన్ బ్లేడ్ల అంచులు చూడటమే నా పని.
వెంట్రుకంత నొక్కున్నా ఎర్ర డబ్బాలోకి.
గంటకి నాలుగు వందలు.
అవి ఎవరి ఒంట్లోకి పోతాయో
ఒక్కనాడూ అనుకోలేదు.
టీ టైముకి ఆకలేసేది, అంతే.

"ఇక్కడ" అని సర్జన్ ఒగున్‌లేయె గారు
నా గొంతుగుంటలో వేలు ఆనించారు.
స్నానం చేస్తే నీళ్ళు కాసేపు నిలిచే చోటు.
అంగుళమంత కోత.
అక్కణ్ణుంచి దీపమున్న గొట్టం ఒకటి
రొమ్ముటెముక వెనక దిగుతుంది,
పెద్ద నెత్తురుగొట్టాల సందులోంచి
బిళ్ళల్ని గిల్లుకొస్తుంది.
వెయ్యిలో ఎంతమందికి ఏమవుతుందో కూడా చెప్పి
సంతకం పెట్టమన్నారు.
నేనడిగింది ఒక్కటే:
"బ్లేడు ఎన్నో నంబరు?"
ఆయన పెన్ను ఆగింది. "పదిహేను."
పదిహేను.
మంగళవారాలు నా బల్ల మీదికి వచ్చేది అదే.

మత్తిచ్చి లెక్కపెట్టమన్నారు.
అంకెలు కాదు, అంచులు లెక్కపెట్టాను.

లేచేసరికి గొంతంతా గరుకు.
నర్సు మొయిరా పెదవుల మీద ఐసుముక్క రాసింది.
"దొరికాయా?"
"ఆరు ముక్కలు. ల్యాబుకి నడిచి వెళ్ళాయి" అని నవ్వింది.
ఆరుగురు కాపలావాళ్ళు,
ఏం చూశారో చెప్పడానికి.

ఫలితం ఇంకా రాలేదు.
కాలరు తగిలితే కుట్టు దురద పెడుతోంది.
ఇవాళ మళ్ళీ బల్ల దగ్గర కూర్చున్నాను.
నాలుగింటికి సూపర్‌వైజర్ గ్లెన్ వచ్చి
ఎర్ర డబ్బా ఎత్తి చూశాడు.
"ఏంటిది ఇందూ, మామూలుకి రెట్టింపు?"
ఏం చెప్పను?
ఇన్నాళ్ళూ ఉక్కు వైపునుంచి చూశాను.
ఇవాళ చర్మం వైపునుంచి.

జేబులో ఫోను వణికింది.
చేతిలో ఉన్న బ్లేడు
మొదలునుంచి మొన దాకా చూసి,
అప్పుడు తీశాను.