గుటక

పెట్రోల్ బంకులో ఐమో వెనక ఎవరూ కారు ఆపరు.
రౌమా ఊళ్లో అందరికీ తెలుసు:
నాచు రంగు వోల్వో, అరవై ఆరు మోడల్,
నాజిల్ పెట్టి నొక్కగానే టక్‌మని కట్టేస్తుంది.
మళ్లీ నొక్కాలి. మళ్లీ టక్.
అర లీటరు, పావు లీటరు,
అలిగిన పిల్లకి అన్నం తినిపించినట్టు.

ఆ కారు పుట్టిననాడు పెట్రోల్ నిదానంగా పడేది.
ఆ ధారకి తగ్గట్టు వంచారు దాని మెడ.
ఇప్పటి పంపులకి ఓపిక తక్కువ,
కొంచెం ఎగదన్నితే చాలు, మూతి ముడుచుకుంటాయి.

ముప్పై ఏళ్లు అలాగే తాగించాడు ఐమో,
నాజిల్ తలకిందులు చేసి, వేలితో సగమే నొక్కి,
పక్క పంపు వాళ్లతో చేపల సంగతులు మాట్లాడుతూ.

పోయిన ఆకురాలు కాలంలో అతని కుడిచెయ్యి
చెప్పిన మాట వినడం మానేసింది.
మాట తిరిగొచ్చింది, నడక తిరిగొచ్చింది,
పట్టు రాలేదు.
ఒకరోజు నాజిల్ జారి
కోటు మీద, బూట్ల మీద పెట్రోల్.
ఇంటికొచ్చి ఏమీ చెప్పలేదు. వాసనే చెప్పింది.

సైమి ఓడల కార్ఖానాలో ఇరవై ఆరేళ్లు
వెల్డింగు చేసిన మనిషి.
మంచు కరిగే దాకా ఆగింది.
"దాన్ని ముట్టుకోకు, కంపెనీ చేసినట్టే ఉండాలి," అన్నాడతను.
"కంపెనీ చేసినట్టే ఉన్నావా నువ్వు?"
ఆ రోజు మరి మాటల్లేవు.

మర్నాడు మెడ ఊడదీసింది.
ట్యాంకు నోటికి బిరడా బిగించి
కారుని పెరటి చివరికి తోయించింది.
మెడ ఒక్కదాన్నే అంట్ల సబ్బుతో మూడుసార్లు కడిగి
బట్టల తీగ మీద వారం రోజులు వేలాడదీసింది,
ఐమో మేజోళ్ల పక్కన.
కంచె మీంచి పక్కింటి హిల్కా అడిగింది,
"ఏం ఆరేశావు, సైమీ?"
"గొంతు."

వాసన పూర్తిగా చచ్చే దాకా నిప్పు దగ్గరికి తేలేదు.
ఆవిరి అంటే ఏమిటో ఆమె చూసింది:
ఒక ఖాళీ డ్రమ్ము, ఒక కుర్రాడు, డెబ్బై తొమ్మిదో సంవత్సరం.
అంతకు మించి ఎప్పుడూ చెప్పదు.

వంపు దగ్గర కోసింది. లోపల
కాఫీ మడ్డి రంగు తుప్పు.
ఇప్పుడు ఎంత వంచాలి?
గీతలు గీసింది, అట్టముక్కలు కత్తిరించింది, కుదర్లేదు.
ఆ సాయంత్రం భోజనం దగ్గర
ఐమోకి నీళ్లు పొలమారాయి.
ఎవరో తలుచుకుంటున్నారు అనే మాట
ఆ దేశంలో లేదు.
నర్సు నేర్పిన మాట ఒకటుంది:
గడ్డం దించు. రొమ్ముకి ఆనించు. ఇప్పుడు మింగు.
దించాడు. మింగాడు.
చెంచా పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది సైమి,
అతన్ని కాదు, తర్వాత ఒప్పుకుంది,
ఆ కోణాన్ని.

సన్నని ముక్కలు మూడు చేర్చి అతికింది.
పక్కనే చిటికెన వేలంత గొట్టం, గాలికి.
పెట్రోల్ లోపలికి వెళ్లాలంటే గాలి బయటికి రావాలి.
ఉన్నది ఒకటే దారి అయితే
రెండూ గుమ్మంలో కొట్టుకుంటాయి.

అడుగు మూసి, నిండా నీళ్లు పోసి,
రాత్రంతా పాత పేపరు మీద నిలబెట్టింది.
తెల్లారి చూస్తే పొడిగా ఉంది,
పోయినవాళ్ల ఫొటోల పేజీ,
ఒక్క ముఖమూ అలుక్కుపోలేదు.

ఏప్రిల్ ఆఖరి శనివారం.
ఐమో ఎడమచేత్తో నాజిల్ పెట్టి నొక్కాడు.
టక్ లేదు.
అంకెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పరిగెత్తాయి.
ట్యాంకులో ఏదో లోతైన చప్పుడు,
ఎండన పడి వచ్చినవాడు చెంబెత్తినట్టు.
నలభై లీటర్లు. నిమిషంన్నర.

పక్క పంపు దగ్గర తౌనో
"పోయిన ఆదివారం వల తీస్తే..." అని
అప్పుడే మొదలుపెట్టాడు.
నాజిల్ తగిలించేసి కూడా ఐమో అక్కడే నిలబడ్డాడు.
వెనక ఎవరో కారు ఆపారు, ఇన్నేళ్లలో మొదటిసారి.
హారన్ కొట్టలేదు గానీ
ఒకసారి లైట్లు వెలిగించారు.

లోపల కూచుని, బెల్టు పెట్టుకుని,
"తొందరగా అయిపోయింది," అన్నాడు.
మెచ్చుకోలో ఫిర్యాదో ఆమె అడగలేదు.
తాళం తిప్పింది. రోడ్డెక్కాక అంది,
"ఇంతకీ వల తీస్తే ఏముందట?"

"తెలీదు.
వచ్చే ట్యాంకుకి చెబుతాడు."