మిక్సీ బొగ్గులు

టమోటా పెట్టె మూడువేలు పలికిన ఏడాది
మా ఇంటాయన బెంగుళూరు పోయి
రెండంటే రెండే సీట్లుండే ఎర్రకారు తెచ్చినాడు.
నేలకు జానెడు ఎత్తు.
పలమనేరులో మా సందు మలుపున వొంకర రాయి ఒకటుండాది,
దానికి తగలకుండా నలుగురు పట్టి పక్కకు జరిపినారు.
ఆ కారెక్కాలంటే
చాప మీద కూలబడినట్టు కూలబడాల.

ఈ ఏడాది అదే పెట్టె
ముప్పైకి కూడా అడిగే దిక్కు లేక
మార్కెట్ గేటు కాడ ఆవులు తిన్నాయి.

గుడియాత్తం ఆయన ఆదివారం వస్తానన్నాడు.
కారు నచ్చింది, రంగు నచ్చింది.
"హీటర్ ఫ్యాన్ తిరగలేదు గదా,
పదైదు వేలు తగ్గించుకో."
మార్గశిరంలో మొగిలి ఘాట్ దిగేటప్పుడు
అద్దానికి లోపల చెమ్మ పడితే
ఆ ఫ్యాన్ తిరిగితేనే దోవ కనపడేది.
మేం ఇన్నాళ్లూ పాత పంచెతో తుడుచుకున్నాం.

శనివారం పొద్దున్నే మొదలుపెట్టినాడు.
డ్యాష్‌బోర్డు కింద తల, సీటు మీద నడుము,
కాళ్లు రెండూ తలుపు బయట, దానిమ్మ చెట్టు నీడలో.
"లైటు ఇట్లా పట్టు. ఇట్లా కాదు, అట్లా."
పెండ్లయిన పదారేండ్లలో
నేను లైటు సరిగ్గా పట్టింది ఎప్పుడూ లేదంట.

ఫ్యూజు బాగుంది. కరెంటు వస్తాండాది.
పిడికిలితో గుద్దితే రెండు చుట్లు తిరిగి
అలిగినట్టు నిలిచిపోతాది.
మూడు స్క్రూలు వచ్చినాయి.
నాలుగోది యాడో వెనకాల.
ఆయన చెయ్యి మణికట్టు కాడ ఇరుక్కునింది.
స్క్రూను తిట్టినాడు, బెంగుళూరును తిట్టినాడు,
నన్ను కొంచెం.

"జరుగు" అన్నా.
పెండ్లికి ముందు పట్టుగూళ్లు తీసే కాడికి
కూలికి పోయినదాన్ని.
వేడినీళ్లలో ఉడికే గూట్లో పోగు కొన
కంటికి దొరకదు, వేళ్లకు తెలియాల.
కండ్లు మూసుకున్నా.
స్క్రూ తల తగిలింది.
పోగు తెగుతాదేమో అన్నట్టు తిప్పినా.
మోటారు నా ఒళ్లో పడింది.

చుట్టూ ఎలుక గూడు:
వేపపుల్లలు, కన్నడ పేపరు ముక్కలు,
పూస ఊడిన జడ రబ్బరు ఒకటి.
రెండు సీట్ల కారులో
ఆ పిల్ల ఎవురి ఒళ్లో కూర్చునిందో.

విప్పితే లోపల బొగ్గులు అరిగి
గోరంత మిగిలినాయి.
బోరు మోటార్లు చుట్టే ఖాజాకు ఫోన్ చేస్తే
"అక్కా, ఆ సైజు బెంగుళూరులోనే, బుధవారం" అన్నాడు.
మా ఆయన వంటింటి వైపు చూసినాడు.
నేను ఆయన వైపు చూసినా.
"వద్దు" అన్నా.
"పదైదు వేలు" అన్నాడు.

మిక్సీని బోర్లించి పొట్ట విప్పినాం.
గరుకు కాగితం మీద దాని బొగ్గులు పెట్టి
కొంచెం రుద్దడం, పెట్టి చూడడం, మళ్లా రుద్దడం.
మధ్యాన్నానికి ఇద్దరి చేతులూ నలుపు,
ఆయన ముక్కు నలుపు, నా కొంగు నలుపు.
అత్త వచ్చి "అన్నం?" అని నిలబడి
జవాబు రాకపోతే పోయింది.

ఒకటో నంబరులో ఉస్సుమంది.
రెండులో దుమ్ము.
మూడులో వేపపుల్ల ఎగిరి నా ముఖాన కొట్టింది.
నాలుగులో గాలి,
వెచ్చగా, మోకాళ్ల మీదికి.
ఎండలో నిలబెట్టిన కారు,
యాడికీ పోయేది లేదు,
ఎవురికీ అక్కర్లేని వేడి.
ఇద్దరం పక్క పక్కన చెమటలు కార్చుకుంటా కూర్చున్నాం.
ఆపు అని ఆయనా అనలేదు, నేనూ అనలేదు.

ఆదివారం గుడియాత్తం ఆయన తిప్పి చూసుకున్నాడు.
మా ఆయనకు నోట్లో మాట నిలవదు:
"అది మిక్సీ బొగ్గు సార్."
ఆయన పడీ పడీ నవ్వి
అయిదు వేలు తగ్గించినాడు.

ఖాజా బుధవారం పోయి శుక్రవారం వచ్చింది.
రోట్లో నూరిన చట్నీ బాగుందని
మా అత్త ఒక్కతే అంటాండాది.
ఊరంతా మంచు.
సందు మలుపున వొంకర రాయికి
ఎర్రగా ఒక గీత.
మా మిక్సీ ఈపాటికి
ఏ ఘాట్‌లో తిరగతాండాదో.