ఒక్క గది చదును

వల్పరైసోలో ఇల్లు కట్టడమంటే
కొండకు మేకు కొట్టి తగిలించడం.
నిబాల్దో ఇంటికి నూట పన్నెండు మెట్లు.
టైల్సు మోసిన నా భుజం లెక్కపెట్టింది,
సిమెంటు బస్తాతో మరోసారి.

"ఆయనకేం కాలేదు," అంది ఎదెల్మీరా తలుపు తీస్తూనే,
"టబ్బు పాతబడింది, అంతే."
"నాకేం కాలేదు," అన్నాడాయన వంటింట్లోంచి,
నేనింకా ఏమీ అడగకముందే.

స్నానాలగదిలోకి ఒక్కదాన్నే వెళ్లాను.
నా పనిలో ముందు చూసేది నీటిగొట్టాన్ని కాదు,
టవల్ కడ్డీని.
పట్టుకుని కదిపితే పాలపన్నులా ఊగింది.
తడి తువ్వాలు ఎంత బరువైనా
స్క్రూలను అంతలా పీకదు.
పక్కనే గోడమీద, రంగు అరిగినచోట,
నాలుగు వేళ్ల మసక.
బేసిను దగ్గర ఇంకొకటి.
కాస్త కిందుగా, చిన్న చేయి.
ఆమెది.

చాక్‌పీసుతో ఒక్కో మసక చుట్టూ సున్నా చుట్టాను.
మ్యాపు తేలింది,
ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోకుండా
ఏళ్లతరబడి గీసుకున్నది.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు.
యాభై ఏళ్ల కాపురంలో నోళ్లు ఎన్నిసార్లు జారలేదు!
సాయంత్రం టీకి నీళ్లు పెట్టి
తీసేసుకున్నారు.
కాలి సంగతి వేరు.
అక్టోబరులో తుంటి విరిగిన పక్కింటామె కుర్చీ
ఇంకా వరండాలో ఎండుతోంది.

కడ్డీల మాట ఎత్తగానే ఆయన మొండికేశాడు.
"నా ఇంట్లో ఆస్పత్రి వద్దు."
ముప్ఫయ్యేళ్లు ఓడల్లో వంట చేసినవాడు.
వాదించలేదు నేను.
ఓడలో పొయ్యి ముందు కడ్డీ
ఎంత ఎత్తున ఉండేదని అడిగాను.
లేచి, కళ్లు మూసుకుని, చెయ్యి చాపాడు.
ఆ ఎత్తునే గీత గీశాను.

తర్వాత తొమ్మిది రోజులు దుమ్ము.
టబ్బును నాలుగు ముక్కలు చేసి
నేనూ మేనల్లుడూ మెట్లు దించాం.
గడప తీసేశాను.
తలుపు బయటికి తెరుచుకునేట్టు తిప్పాను.
లోపల పడ్డ మనిషి తలుపుకే అడ్డం పడతాడు గనక.
వాళ్లకు మాత్రం
చోటు కలిసొస్తుందని చెప్పాను.
నేల నీలం, గోడ తెలుపు, కడ్డీ ఎరుపు,
చూపు మందగించినా ఒకటి మరొకదాన్ని మింగకుండా.
కుళాయి, మోచేత్తో నెట్టినా తిరిగేది.
నీళ్లు పోవడానికి వాలు: మీటరుకు రెండు సెంటీమీటర్లు.
గోళీ వేసి చూశాను. తొందరపడకుండా దొర్లింది.
ఈ ఊళ్లో ఇంతకన్నా చదును నాకు తెలియదు.

గోడకు చెవులుంటాయంటారు.
చేతులు కూడా పెట్టాను.
టైల్సు వెనక మందపాటి ప్లైవుడ్ పలకలు,
కమోడు పక్కన, తలుపు పక్కన,
చక్రాల కుర్చీ తిరగాల్సిన మూలన,
ఇవాళ కడ్డీ అక్కర్లేని చోట్ల.
ఎదెల్మీరా చూసింది.
దేనికని అడగలేదు.
పెన్సిలు తెచ్చి చెక్కమీద తేదీ వేసింది,
కింద ఇంకేదో రాసి, అరచేత్తో కప్పి,
"ఇక మూసెయ్," అంది.

చివరి రోజు లోపల నీళ్ల చప్పుడు, ఆయన ఈల.
ఉన్నట్టుండి ఏదో దభీమని పడింది.
ఈల ఆగింది.
"సబ్బు డబ్బా!" అని అరిచాడు, "డబ్బానే!"
నేను ఊపిరి వదిలి పక్కకు చూశాను.
ఆమె చేయి అప్పటికే తలుపు పిడిమీద ఉంది,
నెట్టడానికి కాదు,
లాగడానికి.