బొటనవేలు

మా నాయన గరిటె పట్టినా, గొడ్డలి పట్టినా
బొటనవేలు చుట్టి పట్టేవాడు కాదు.
నాలుగు వేళ్ళ సరసనే ఐదోదాన్నీ పడుకోబెట్టేవాడు.
చూసినోళ్ళు మొరటు పట్టు అనుకునేవాళ్ళు.
నేర్పింది దేశికాచారి వకీలు గారి మోటారు.

గ్రీమ్స్‌పేటలో తెల్లారక ముందే
బండి మూతిలో హాండిలు దూర్చి
కింది నుంచి పైకి ఒకటే గుంజు.
పలికిందా, సరి.
పలక్కుండా ఎనక్కి తన్నిందా,
వేలు అడ్డం పెట్టినోడి మణికట్టు
చెరుకు గడ ఇరిగినట్టు ఇరుగుతాది.
నాయనకు ముందు ఆ పనిలో ఉన్న చెంగల్రాయుడు
ఎడమచేత్తో అన్నం తినడం నేర్చుకున్నాడు.
నెలకు ఆరు రూపాయలు
ఆ ఒక్క వేలు మడవనందుకే.

దీపాలది ఇంకో తంతు.
ఇత్తడి డబ్బాలో కార్బైడు గడ్డలు, పైన నీళ్ళు,
చుక్కచుక్కకీ ఒక బుస.
కుళ్ళిన ఎల్లిగడ్డ వాసన.
ఆ చొక్కా మా అమ్మ విడిగా ఉతికేది.
అగ్గిపుల్ల గీస్తే తెల్లగా విచ్చుకునే వెలుతురు
మొగిలి ఘాటులో గాలి ఊదేదాకానే.
అప్పుడు నాయన దిగి, లాంతరు పట్టుకుని ముందు నడిస్తే
అంత బండీ దూడ మాదిరి వెనకాలే.

ఒక ఏడు మద్రాసు నుంచి కొత్త బండి దిగింది.
నాయన అలవాటుగా హాండిలు తీసుకుని ముందుకు పోయి వంగినాడు.
ఇంకా దూర్చనే లేదు.
లోపల కూచునే వకీలు గారు కాలితో ఏదో తొక్కినాడు.
బండి తనంతట తానే లేచింది.
వంగినోడు వంగినట్టే ఉండిపోయినాడు.
వీధి పిల్లోళ్ళు నవ్వినారు.
నేనూ నవ్వినా.

ఆ రాత్రి మీట తిప్పితే దీపాలు.
నాయన జేబులో అగ్గిపెట్టె ఊరికే గలగలమనింది.
ఆరు రూపాయల సంగతి అమ్మ అడగలేదు,
చింతపండులో గింజలు తీస్తా కూచునింది.

రెండు నెలలు కూడా కాలేదు,
తొక్కితే టక్కుమనింది బండి. అంతే.
"మునిరత్నం!" అని అరుపు.
కాట్పాడి రైలు షెడ్డులో దీపాల పెట్టెలు చూసే అంతోనిసామి
గుట్టు చెప్పినాడు:
"దానికి దప్పిక. వాననీళ్ళే పొయ్యి.
బావినీళ్ళు తాగితే సస్తాది."

ఇంక చిత్తూర్లో మబ్బు పడితే
అందరూ చేలకల్లా చూసేవాళ్ళు,
మా నాయన గాజు జాడీలకల్లా.
పంచె నిండా యాసిడ్ చిల్లులు.
అమ్మ దాన్ని దీపానికి అడ్డం పట్టి చూసి
"ఇంక యాడని కుట్టేది?" అనింది.
కొంచెం నవ్వింది కూడా.

ఆ హాండిలు ఇప్పుడు మా తలుపుకు అడ్డగడియ.
రాత్రి దాన్ని దించేటప్పుడు చూసుకుంటా,
నా బొటనవేలు కూడా పక్కకే తిరిగి ఉంటాది.
ఈ తలుపు ఎన్నడూ ఎవరినీ తన్నలేదు.